వాక్యం – సందేహం: యాకోబు మోసానికి దేవుడు బహుమతి ఇచ్చాడా?

ప్రశ్న: శనివారం పూజలో యాకోబు తండ్రిని మోసం చేసి దీవెన తీసుకున్న పఠనం చదివారు. సోమవారానికల్లా అదే యాకోబుకు కలలో నిచ్చెన, దేవదూతలు, దేవుని వాగ్దానం! అబద్ధమాడినవాడికి బహుమతి ఇచ్చినట్టు లేదూ? ఇంట్లో పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, గుణదల

జవాబు: అలా అనిపించడం మీ తప్పు కాదమ్మా, పఠనాల కోత అలాంటిది. బేసి సంవత్సరాల్లో సామాన్య కాలం (పెద్ద పండుగల కాలాలు కాని మామూలు వారాలు) 13వ వారం శనివారం ఆదికాండం 27లో 1–5, 15–29 వచనాలే వస్తాయి. సోమవారం బేతేలులో ఆ నిచ్చెన కల, మంగళవారం యబ్బోకు రేవు దగ్గర ఒక మనిషితో రాత్రంతా పెనుగులాట, బుధవారం ఒక్క గెంతులో ఐగుప్తులో యాకోబు కొడుకు యోసేపు. తల్లి రిబ్కా పన్నిన ఎత్తు, అన్న ఏశావు ఏడుపు, మేనమామ లాబాను దగ్గర గడిచిన ఏళ్లు, అన్నదమ్ములు మళ్లీ కలిసిన 33వ అధ్యాయం అన్నీ ఎగిరిపోయాయి. పద్దు పుస్తకంలో ఖర్చు వదిలేసి జమ ఒక్కటే చదివినట్టు!

ఇంట్లో 27వ అధ్యాయం మొత్తం చదవండి. 12వ వచనం దగ్గర ఆగండి. అబద్ధమాడుతున్నానే అన్న బాధ యాకోబుకు లేదు, దొరికిపోతానేమోనన్నదే భయం. చూపు పోయిన తండ్రి ఒక్కొక్కటే పరీక్ష పెట్టాడు. గొంతు విన్నాడు, మేకపిల్లల తోలు కప్పిన చేతులు తడిమాడు, వేటమాంసం అనుకుని మేకమాంసం తిన్నాడు, ఏశావు బట్టల వాసన చూశాడు. నాలుగింట్లో చెవి ఒక్కటే నిజం చెప్పింది. “స్వరము యాకోబు స్వరమే గాని చేతులు ఏశావు చేతులే” అని పైకే అన్నాడు, అయినా చేతులనే నమ్మాడు. వేట ఇంత త్వరగా ఎలా దొరికిందని అడిగితే యాకోబు దేవుడి పేరు చెప్పాడు (20వ వచనం). మమ్మల్నడిగితే ఆ అధ్యాయంలోకెల్లా చెడ్డ అబద్ధం అదే.

ఇక బహుమతి సంగతి. దొంగచాటుగా దక్కిన దీవెనలో మంచు, ధాన్యం, ద్రాక్షారసం, అన్నదమ్ముల మీద పెత్తనం ఉన్నాయి (27:28–29). తాత అబ్రాహాముకు దేవుడు మాటిచ్చిన దేశం, సంతానం అందులో లేవు. ఎదురుగా నిలబడింది యాకోబేనని తెలిసే తండ్రి ఇస్సాకు వాటిని 28:3–4లో ఇచ్చాడు. బేతేలులో దేవుడు ఖాయం చేసినవీ అవే. పైగా, పిల్లలు కడుపులో ఉండగానే పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని రిబ్కాకు చెప్పి ఉన్నాడు (25:23). దేవుడు తానే ఇస్తానన్నదాని కోసం తల్లీకొడుకులు నాటకమాడారన్నమాట. బేతేలులో ఆయన యాకోబును మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. తోడుంటానన్నాడు, తిరిగి తీసుకొస్తానన్నాడు. దాన్ని మోసానికి ఇచ్చిన కూలి అనకండి.

ఫలితం మాత్రం తప్పలేదు. లాబాను దగ్గర కొన్నాళ్లు ఉండి రమ్మని రిబ్కా పంపితే 20 ఏళ్లు పట్టింది: అతని ఇద్దరు కూతుళ్ల కోసం 14, మంద కోసం 6 (31:41). ఆ తల్లీకొడుకులు మళ్లీ కలుసుకున్నట్టు ఎక్కడా రాసి లేదు. చిన్న కూతురు రాహేలును ఇస్తానన్న లాబాను చీకట్లో పెద్ద కూతురు లేయాను పంపాడు; పొద్దున్నే నిలదీస్తే, పెద్దది ఉండగా చిన్నదాన్నివ్వడం మా దేశంలో లేదన్నాడు. అన్న వేషం వేసిన తమ్ముడికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలి ఉంటుంది. ముసలితనంలో సొంత కొడుకులే ఒక మేకను చంపి, యోసేపు అంగీని ఆ రక్తంలో ముంచి చూపించారు. మళ్లీ అదే మేక, మళ్లీ ఒక కొడుకు బట్ట.

ప్రశ్న: మా పేటలో కుటుంబ ప్రార్థనలు ఐదు రాత్రులు ఈ భాగం మీదే పెట్టుకున్నాం. ఎలా విడగొట్టాలి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మొదటి రాత్రి 27:1–40, రెండో రాత్రి అక్కడి నుంచి 28 చివరిదాకా. మూడో రాత్రి 29:1–30, దానికి 31:36–42 కలపండి. నాలుగో రాత్రి 32, ఐదో రాత్రి 33:1–11.

మొదటి రాత్రి కథ చెప్పడానికి ఒకరు, పాత్రలకు నలుగురు చదవాలి. రిబ్కా, ఏశావు మాటలు చదివేవాళ్లను పక్కపక్కనే కూర్చోబెట్టండి. అధ్యాయం మొత్తంలో వాళ్లిద్దరి మధ్య ఒక్క మాట నడవదు. నలుగురూ ఒకచోట చేరిన సందర్భమూ లేదు. ఆ ఇల్లు ఎలా ఉండేదో వేరే వివరించక్కర్లేదు. సాధారణంగా జరిగే పొరపాటు, 29వ వచనంలో దీవెన ముగియగానే పాట ఎత్తుకోవడం. “నన్నూ దీవించు నాన్నా” అని ఏశావు బావురుమన్న 34వ వచనం వినకుండా ఎవర్నీ లేవనివ్వకండి. నాలుగో రాత్రి 27:18–19ని 32:27 పక్కన పెట్టి చదవండి. నువ్వెవరని తండ్రి అడిగితే ఏశావునన్నాడు. పేరేమిటని యబ్బోకు దగ్గర పెనుగులాడినవాడు అడిగితే యాకోబునన్నాడు.

ప్రశ్న: మంచంలో ఉన్న అమ్మ చేత వేలిముద్ర వేయించి అన్నయ్య ఇంటిస్థలం తన పేర రాయించుకున్నాడు. ఇప్పుడు అమ్మ లేదు. అడిగితే “యాకోబుకిచ్చినట్టు దేవుడు నాకిచ్చాడు” అంటాడు.
– ఒక చెల్లెలు, పటమట, విజయవాడ

జవాబు: ఆ దీవెనతో యాకోబుకు సెంటు భూమి రాలేదమ్మా. చేతికర్రతో యొర్దాను దాటానని తనే చెప్పుకున్నాడు (32:10). తిరిగొచ్చేటప్పుడు అన్నకు ముందుగా పంపినవి చూడండి: 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొర్రెలు, 20 పొట్టేళ్లు, పిల్లలతో 30 పాడి ఒంటెలు, 40 ఆవులు, 10 ఆబోతులు, 20 ఆడగాడిదలు, 10 గాడిదపిల్లలు. ఒంటెపిల్లలు కాక 550. ఏడుసార్లు నేలకు వంగాడు, వద్దంటున్నా బలవంతాన ఇచ్చాడు. యాకోబు పోలిక కావాలంటే మీ అన్నయ్య ఇవన్నీ కలిపి తెచ్చుకోవాలి.

క్షమించడం, వాటా వదులుకోవడం ఒకటి కాదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకుని లాయరుకు చూపించండి. దస్తావేజు రద్దుకు దావా వేయాలంటే మోసం సంగతి తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు. అది రద్దయి, వీలునామా కూడా లేకపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కుటుంబంలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా. నాన్నగారుంటే ముందు ఆయనకు మూడో వంతు. సంఘ పెద్దల ఎదుట మాట్లాడుకోవడం మంచిదే గానీ, ఆ మాటల్లో గడువు దాటిపోనివ్వకండి.