పసిమాటలు, రోబోలు: ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. పసిపిల్లలకు మాటలు ఎలా వస్తాయో రోబోల సాయంతో పరిశోధిస్తానంటోంది. బీటెక్ రోబోటిక్స్‌లో చేర్పించాలా? ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రోబోటిక్స్ అన్న పేరు చూసి కాలేజీలో చేర్పించకండి. మీ అమ్మాయి ప్రశ్న పిల్లల గురించి. రోబో అందులో పనిముట్టు మాత్రమే.

బ్రిటన్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ వాళ్లు 2012లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఐకబ్ అనే పిల్లాడిలాంటి రోబోకి డీచీ అని పేరు పెట్టారు. 34 మంది దాని ముందు కూర్చుని, పసిబిడ్డతో మాట్లాడినట్టే రంగులు, ఆకారాల పేర్లు చెప్పారు. మొదట్లో అది నోటికొచ్చిన శబ్దాలు చేసేది. ఎక్కువసార్లు విన్న శబ్దాలను లెక్క పెట్టుకుంటూ, 'భలే' అని మెచ్చుకున్న వాటికి ఇంకాస్త బరువు ఇస్తూ పోయింది. ఎనిమిది నిమిషాల్లో కొన్ని అసలు మాటలు పలికింది. వాటి అర్థం మాత్రం దానికి తెలియదు. పిల్లలు అచ్చం ఇలాగే నేర్చుకుంటారనీ దీంతో రుజువు కాలేదు. కానీ ఒక ఊహను రోబోలో పెట్టి పరీక్షించవచ్చని తేలింది. పసిబిడ్డ బుర్ర విప్పి చూడలేం కదా!

అది ఇంగ్లిష్‌తో చేసిన ప్రయోగం. మనం 'బంతి చూడు, బంతితో ఆడుకో, బంతిని ఇలా ఇవ్వు' అంటాం. మాట తోక మారిపోతూనే ఉంటుంది. మరి తెలుగు పాప 'బంతి'ని ఎలా విడదీసుకుంటుంది? నాకైతే ఇదే అసలైన పరిశోధన అనిపిస్తుంది.

కోర్సు సంగతి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ (కంప్యూటర్ సాయంతో భాషను పరిశీలించే శాస్త్రం) డ్యూయల్ డిగ్రీ ఉంది. బీటెక్‌తో పాటు ఎంఎస్ కూడా వస్తుంది. ప్రవేశానికి ఆ సంస్థ సొంత పరీక్ష యూజీఈఈ రాయాలి. సీటు రాకపోతే సీఎస్‌ఈ గానీ ఈసీఈ గానీ చేసి, పీజీలో కాగ్నిటివ్ సైన్స్‌కి, అంటే మనసు ఎలా ఆలోచిస్తుందో, నేర్చుకుంటుందో చదివే శాస్త్రానికి వెళ్లవచ్చు. ఐఐటీ కాన్పూర్, ఐఐటీ గాంధీనగర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలలో ఆ విభాగాలున్నాయి.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. నేరుగా ఈ రంగంలో కొలువులు తక్కువ, పీహెచ్‌డీ తప్పదు. అయితే దారిలో నేర్చుకునే ప్రోగ్రామింగ్, స్పీచ్ ప్రాసెసింగ్ వృథా పోవు. మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలకు అవే కావాలి. కాబట్టి మీకు టెన్షన్ అక్కర్లేదు.

యూజీఈఈకి దరఖాస్తు చేసేముందు ఒక పని చేయించండి. మాటలు నేర్చుకుంటున్న బిడ్డ మీ బంధువుల్లో ఉంటే, తల్లి బిడ్డతో అరగంట మాట్లాడేది వాళ్ల అనుమతితో రికార్డు చేసి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో రాయమనండి. విసుగొచ్చే పని. అది పూర్తి చేసి రెండో రికార్డింగ్ తనంతట తాను మొదలుపెడితే, ఫీజు కట్టేయండి.