మా పెరట్లో ఎవరికీ ఎవరితోనూ పడేది కాదు

పెరడూ పశువులూ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లని ఆ రోజుల సంగతులు చెప్పమని అడిగారు. ఇలాంటి ప్రశ్నకి మొక్కలూ జంతువులూ మనుషులూ హాయిగా కలిసిమెలిసి బతికినట్టు రాయడం మామూలు. మా ఇంట్లో అలాంటిదేం లేదు. కోళ్లకి ఆకుకూర మడి మీద కన్ను, గేదెకి సొరపాదు మీద కన్ను, పిల్లికి పాల దాలి మీద కన్ను. వీళ్లందరి మధ్యా పొద్దున లేచింది మొదలు పంచాయితీ చేసేది మా నాయనమ్మ. అక్కా నేనూ ఆవిడ కింద బంట్రోతులం.

మాది తెనాలి దగ్గర పల్లె. ఇంటి వెనక పెరడు, పెరటి చివర గొడ్లచావిడి, చుట్టూ తాటాకు దడి. ఆ దడి ఏడాది తిరిగేసరికి చివికిపోయేది. ఎక్కడ సందు దొరుకుతుందా అని లోపలి నుంచి మా కోళ్లూ, బయటి నుంచి పక్కవాళ్ల మేకా కాచుకుని ఉండేవి.

ముందు కోళ్ల సంగతి చెప్పాలి. నాయనమ్మ మడి గుల్లగా తవ్వి, మాగిన పేడఎరువు కలిపి, తోటకూర విత్తనాన్ని ఇసకతో కలిపి చల్లేది. విత్తనం మరీ సన్నం కదా, ఇసక లేకపోతే అంతా ఒకేచోట పడుతుంది. అలా మెత్తబడిన మట్టి అంటే కోళ్లకి ప్రాణం. కాస్త ఏమరితే చాలు, మడి మధ్యలో గుంట చేసుకుని, రెక్కలు విప్పుకుని దుమ్ములో పొర్లుతూ ఉండేవి. అందుకని చల్లిన రోజే మడి మీద తుమ్మకంప పరిచేది. మొలక జానెడు లేచాకే కంప తీసేది. బడి నుంచి రాగానే చెప్పులు విసిరేసి పెరట్లోకి పరిగెత్తితే మా కాళ్లలో దిగేవి ఆ ముళ్లే. కోళ్లకి మాత్రం ఒక్కసారి కూడా గుచ్చుకున్నట్టు లేదు.

రోజంతా తిట్టిపోసిన ఆ కోడే పొదుక్కి వస్తే చాలు, కోడలు నీళ్లోసుకున్నంత హడావిడి చేసేది నాయనమ్మ. గంపలో వరిగడ్డి పరిచి, గుడ్లు బేసి సంఖ్యలో పెట్టి, ఉరుములకి చెడిపోకుండా ఓ ఇనపముక్క, ఓ బొగ్గుముక్క పడేసేది. ఉరుముకీ ఇనపముక్కకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వారం దాటాక చేసే పరీక్ష మాత్రం అసలు సిసలు సైన్సు. రాత్రి చీకట్లో గుడ్డుని గుప్పిట్లో పట్టుకుని వెనక నుంచి టార్చిలైటు వేసేది. లోపల ఎర్రటి సన్నటి నరాలు పాకి కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. తేటగా ఉంటే అది ఎన్నాళ్లు పొదిగినా పిల్ల కాదు, తీసి పక్కన పెట్టేది. 21వ రోజు దగ్గరపడేసరికి గుడ్డులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది. చెవి దగ్గర పెట్టి విననిచ్చేది కానీ మా చేతికి ఇచ్చేది కాదు.

కోడిపిల్లల మేత తాతయ్య డిపార్టుమెంటు. పాత కుండలో పేడ, గడ్డి కుక్కి, నీళ్లు చిలకరించి, చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లించేవాడు. తెల్లారి ఎత్తితే కుండ నిండా తెల్లగా చెదలు. నేల మీద దులపకముందే, కుండ కదిలిన చప్పుడుకే పిల్లలన్నీ కాళ్లకి అడ్డం పడేవి. ఇంటి దూలాలు తినాల్సిన చెదలు ఇలా ఖర్చవుతున్నాయని తాతయ్యకి అదో సంతోషం. గద్ద కూడా వాటాకి వచ్చేది. తల్లికోడి గొంతు మార్చి ఒక్క అరుపు అరిస్తే, పిల్లలన్నీ దాని రెక్కల కిందో గుమ్మడి ఆకుల కిందో మాయం.

ఆ గుమ్మడిపాదుని చావిడి కప్పు మీదికి పాకించేవాళ్లం. ధనుర్మాసంలో గొబ్బెమ్మలకి పూలు కావాలి కదా, పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కేవాళ్లం. కింద నుంచి నాయనమ్మ కేకలు: "అడుగున పిందె ఉన్నది ముట్టుకోకండే! ఉత్త కాడ ఉన్నవే కొయ్యండి!" పువ్వు కింద గోళీకాయంత గుండ్రటి పిందె ఉంటే అది ఆడపువ్వు, కాయ కట్టేది అదే. సన్నటి పొడుగాటి కాడ మీద నిలబడేది మగపువ్వు. మగపూలే ఎక్కువ పూస్తాయి కాబట్టి గొబ్బెమ్మలకి లోటు వచ్చేది కాదు. బళ్లో సైన్సు టీచరు ఈ పాఠం చెప్పేసరికి అది మాకు పాతపాఠం. అన్నట్టు, గొబ్బెమ్మలకి ఆవు పేడే కావాలి, మాకున్నవేమో గేదెలు. చావిడి నిండా పేడ పెట్టుకుని, బకెట్టు పట్టుకుని ఆవులున్న వాళ్లింటికి వెళ్లి అడిగేవాళ్లం. ఆ ఇంటి మామ్మగారు ఏటా "మీకూ పేడకి కరువేనా?" అని నవ్వేది.

బీరపువ్వు తంతు వేరు. ఎండ దిగాక విచ్చుకుని, మర్నాడు పొద్దెక్కేసరికి వాడిపోతుంది. పిందెలు పసుపురంగుకి తిరిగి రాలిపోతున్నాయంటే నాయనమ్మ దీపాల వేళకి పందిరి కిందికి వెళ్లేది. మగపువ్వు ఒకటి తెంపి, రేకలు వెనక్కి విరిచి, ఆడపువ్వు మధ్యలో పుప్పొడి అద్ది వచ్చేది. మిద్దె మీద పాదులు పెంచే వాళ్లకి ఇది ఇప్పటికీ పనికొస్తుంది. బీర, సొర అయితే సాయంత్రం అద్దాలి. గుమ్మడి, దోస, కాకర అయితే పొద్దున్నే. వేళ తప్పితే ఎంత అద్దినా కాయ నిలవదు.

ఇక చుక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న గేదె. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, అన్నీ కుడితి తొట్టిలోకే. అందులో తవుడు, నానబెట్టిన తెలగపిండి కలిపితే మూతి ముంచి మళ్లీ ఎత్తకుండా తాగేది. తొట్టి ఖాళీ కాగానే, కుడితి కారుతున్న మూతితోనే పక్కనున్న సొరపాదుని ఒక్క లాగు లాగేది. పలుపు ఎంత పొట్టిగా కట్టినా దాని నాలికకి పాదు అందేది. పందిరి ఆ మూల ఎప్పుడూ బోడిగానే ఉండేది. "పాదు ఇంకోచోట పెట్టొచ్చుగా అత్తయ్యా" అని అమ్మ అంటే, "పేడనీళ్లు పారేది అక్కడేగా, అక్కడ కాసినట్టు ఇంకెక్కడా కాయదు" అనేది నాయనమ్మ. అదీ నిజమే. చుక్క తినగా మిగిలిన సొరకాయలే మాకు ఎక్కువైపోయేవి. ఇరుగుపొరుగుకి ఇద్దామన్నా వాళ్ల దొడ్లోనూ అవే.

పాల దగ్గర చుక్కకి మహా పట్టింపు. దూడని వదిలి, నాలుగు గుక్కలు తాగనిచ్చి, పక్కన కట్టి, పొదుగు కడిగితేనే చేపేది. అదీ నాయనమ్మ కూర్చుంటేనే. ఒకసారి ఆవిడ బాపట్ల పెళ్లికి వెళ్తే చెంబు పట్టుకుని బాబాయి కూర్చున్నాడు. చుక్క తల తిప్పి చూసింది, అంతే, చుక్క పాలు దిగనివ్వలేదు. చివరికి దండెం మీదున్న నాయనమ్మ విడిచిన చీర తెచ్చి, భుజాల చుట్టూ కప్పుకుని, చెంగు తల మీదికి లాక్కుని కూర్చున్నాడు. చుక్క ఆ చీర వాసన చూసుకుంటూ చూసుకుంటూ బాబాయి మీసం దాకా వచ్చి ఆగింది. మేం గడ్డివామి చాటున నోళ్లు నొక్కుకుని చూస్తున్నాం. ఏమనుకుందో ఏమో, సగం పాలు ఇచ్చింది. మిగతా సగం దూడ అదృష్టం. మొన్న బాబాయి కూతురి పెళ్లిలో కూడా ఆ చెంగు సంగతి చెప్పుకుని నవ్వుకున్నాం.

అది ఈనితే మూడు నాలుగు రోజులు జున్నే జున్ను. మొదటి పూట ముర్రుపాలు చాలా చిక్కగా ఉంటాయి, మామూలు పాలు కలపకపోతే జున్ను బిరుసెక్కుతుంది. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించేది అమ్మ. ఇంట్లోవాళ్లకి కాస్త, ఊరికి మరికాస్త. జున్ను గిన్నె ఎవరింటికి వెళ్లినా ఖాళీగా తిరిగి వచ్చేది కాదు, గుప్పెడు గింజలో పసుపుకొమ్మో వేసి ఇచ్చేవాళ్లు.

పొద్దుటి పాలు దాలిలో పెట్టేవాళ్లు. గుంటలో పిడకలు నిదానంగా రాజుతుంటే ఆ సెగకి సాయంత్రానికి పాలు లేత ఎరుపుకి తిరిగి, పైన మందాన మీగడ కట్టేది. ఆ వాసనకి మనుషులమే ఆగలేం, పిల్లి ఏం ఆగుతుంది? మూత మీద రాయి పెడితే దాన్ని దొర్లించడం నేర్చుకుంది. ఇంకా పెద్ద రాయి పెడితే మూతే పగిలింది. ఇలా కాదని నాయనమ్మ పాలు పితకగానే కొబ్బరిచిప్పలో దానికి కాసిని పోయడం మొదలుపెట్టింది. "ఎలకల్ని పడుతుందిగా, జీతం అనుకోండి" అంది. ఆ తర్వాత పిల్లి బుద్ధిగా ఉందని చెప్పను, దొంగతనాలు కాస్త తగ్గించింది.

దాలి బూడిద చిక్కుడుపాదుకి పేనుబంక పడితే పనికొచ్చేది, మంచు తడి ఆరకముందే చల్లేవాళ్లం. మునగచెట్టు గొంగళిపురుగుల సంగతి మాత్రం ఎత్తను, తలుచుకుంటేనే ఒళ్లంతా దురద.

తాతయ్య పోయాక ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చాయి. వరికోత మిషన్లు వచ్చాక గడ్డి నలిగి పొలమంతా చెల్లాచెదరుగా పడేది, ఏరి వామి వేసే మనుషులు దొరకలేదు. మేత కొని గేదెల్ని సాకితే గిట్టదని చుక్క కడుపున పుట్టినవాటిని కూడా అమ్మేశారు. బేరగాళ్లు వచ్చే రోజు నాయనమ్మని కావాలనే మేనత్త ఇంటికి పంపారు. తిరిగొచ్చాక ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు, కానీ చాలాకాలం కడుగునీళ్లు పారబోయకుండా తొట్టి దాకా తీసుకెళ్లేది. ఇప్పుడు చావిట్లో బాబాయి బైకు, దడి ఉన్న చోట ప్రహరీ. అమ్మ మాత్రం ఏటా బీరగింజలు పెడుతూనే ఉంది.

నేనున్నది హైదరాబాదులో, అపార్టుమెంటు మూడో అంతస్తులో. బాల్కనీలో నాలుగు కుండీలు. ఈ ఏడాది మెంతికూర కుండీలో పావురం నాలుగు పుల్లలు పడేసి రెండు గుడ్లు పెట్టింది. పావురాల రెట్టతో ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయని మా ఆయనకి టెన్షన్, కుండీ కదిపితే ఊరుకోనని మా అమ్మాయి. పావురాల్లో ఆడదీ మగదీ వంతులు వేసుకుని పొదుగుతాయి. పగలు ఎక్కువసేపు మగది, రాత్రంతా ఆడది. ఈ ముక్క మా ఆయనకి రెండు మూడుసార్లు చెప్పాను. ఫోన్లో అమ్మకి చెబితే, "పావురాలా? పాలా పెరుగా, వాటితో మనకేమొస్తుందే?" అని విసుక్కుని, మళ్లీ తనే "పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగు, ఆ తర్వాత వల కట్టించు" అంది. అలాగే చేశాం.

వల కట్టించాక కుండీలో మట్టి మార్చి తోటకూర చల్లితే విత్తనాలు చీమలు మోసుకుపోవడం మొదలుపెట్టాయి. నాయనమ్మ అయితే మడి చుట్టూ నూకలు చల్లేది, చీమలు ఆ నూకల పనిలో పడి విత్తనాల జోలికి రావని. నేనూ కుండీల చుట్టూ గుప్పెడు నూకలు చల్లాను. చీమల సంగతేమో గానీ, ఆ నూకల కోసం పావురాలన్నీ వచ్చి వల అవతల వరసగా కూర్చుంటున్నాయి.