వాగ్దానం కార్డు ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది

ప్రశ్న: వందనాలు అక్కయ్యా. మా ఆయన క్యాబ్ నడుపుతారు. ఫిబ్రవరిలో నాగోల్ దగ్గర బైక్ మీద వస్తుంటే యాక్సిడెంట్ అయి కాలు రెండు చోట్ల విరిగింది, రాడ్ వేశారు. అయిదు నెలలుగా ఇంట్లోనే. కారు ఈఎంఐలు రెండు ఆగిపోయాయి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మాకు వచ్చిన వాగ్దానం (ఏడాదికని కార్డు మీద ఇచ్చే బైబిల్ వచనం) యిర్మీయా 29:11. ఆ కార్డు ఫ్రిజ్ మీద చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. ఇంటికి ఎవరొచ్చినా "ఇందులో దేవుడి ఉద్దేశం ఏదో ఉంది సిస్టర్" అంటారు. ఒకావిడైతే దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, సరిగ్గా ఇస్తున్నారా అని అడిగింది. పై ఆదివారం సంఘం ముందు నిలబడి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటున్నారు. నాకే ఉద్దేశమూ కనబడట్లేదు. నా విశ్వాసంలో లోపమా?
– ఒక సోదరి, ఉప్పల్

జవాబు: వందనాలమ్మా. ముందు ఆ దశమభాగం సంగతి తేల్చేద్దాం. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా ఇదే, పాపం ఎవరిది, వీడిదా, కన్నవాళ్లదా అని. ఇద్దరిదీ కాదన్నాడు యేసు. అని ఊరుకోలేదు, ఉమ్మితో బురద చేసి వాడి కళ్లకు పూశాడు. మళ్లీ ఆవిడ వస్తే ఆ అధ్యాయం చదివి వినిపించమనండి, మీరు టీ పెట్టుకోండి.

ఇక కార్డు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్నంత వరకే కార్డులో పడుతుంది. నిజానికది యిర్మీయా రాసిన ఒక ఉత్తరంలోని ముక్క, యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకి రాసింది. దాని పై వచనంలోనే 70 ఏళ్లయ్యాక తిరిగి రప్పిస్తానని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ యెరూషలేము ముఖం చూసి ఉండరు (10వ వచనాన్ని కార్డు మీద వేసే ప్రెస్ ఏదీ నాకింతవరకు తగల్లేదు). అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ఆయన రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు. అది అబద్ధమన్నాడు యిర్మీయా. ఆయన చెప్పిందేమిటంటే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం కోసం ప్రార్థించండి అని. ఎందుకిలా అయింది అనే దానికి సమాధానం దొరికాకే బతకడం మొదలుపెట్టండి అనలేదు.

యోసేపు కథ మీకు తెలిసిందే. 17 ఏళ్లప్పుడు అన్నలే అమ్మేశారు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30. మధ్యలో చెరసాలలో ఉన్నప్పుడు ఆయనేమన్నాడో ఆదికాండం 40:15 చూడండి. నన్ను నా దేశం నుంచి దొంగిలించుకొచ్చారు, ఇక్కడ కూడా నేను చేసిన తప్పేమీ లేదు అని తనతోపాటు చెరసాలలో ఉన్న పానదాయకుల అధిపతితో (ఫరోకి ద్రాక్షారసం అందించేవాడు) మొర పెట్టుకున్నాడు, నన్ను బయట పడేయించు బాబూ అని అడిగాడు. దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడన్న మాట 50వ అధ్యాయంలో గానీ రాదు, తండ్రి కూడా పోయాక, వణికిపోతున్న అన్నలతో అన్నమాట అది. అన్నది యోసేపు! ఆ పానదాయకుడు కాదు, ఆయన బయటికెళ్లి యోసేపు సంగతే మర్చిపోయాడు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేనూ ఆ పానదాయకుడి బాపతుదాన్నే. చాలా ఏళ్ల కింద సికింద్రాబాద్‌లో, కొడుకు పోయిన ఒకావిడ పక్కన కూర్చుని ఇదే ముక్క అన్నాను, దేవుడికి ఏదో ఉద్దేశం ఉంటుందమ్మా అని. ఆవిడ ఏమీ అనలేదు. చేతిలో టీ గ్లాసు మీద కట్టిన మీగడని వేలితో పక్కకి తీస్తూ, తీసిందే మళ్లీ తీస్తూ కూర్చుంది. తాగలేదు. ఆ గ్లాసు నాకిప్పటికీ గుర్తే. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసుకి అతన్ని బతికించబోతున్నానని తెలుసు, అయినా ముందు ఏడ్చాడు. నేనా పూట అది కూడా చేయలేదు.

కష్టంలో ఉద్దేశం లేదని నేననను, ఉందనే నమ్ముతాను. కానీ అది మీకు ఎప్పుడు తెలుస్తుందో, అసలు తెలుస్తుందో లేదో నాకు తెలియదు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబుకి కూడా దేవుడు కారణం చెప్పలేదు కదా.

సాక్ష్యం ఇప్పుడు చెప్పకండి. పాస్టర్ గారు మరీ అడిగితే 88వ కీర్తన చదివి కూర్చోండి, అది చీకట్లోనే ముగుస్తుంది, బైబిల్లోంచి ఎవరూ దాన్ని తీసెయ్యలేదు. కార్డు ఉంచాలా తియ్యాలా అన్నది మీ ఇష్టం.

ఈఎంఐ సంగతి మాత్రం వాయిదా వెయ్యకండి. బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద రాసేస్తుంది, ఆ తర్వాత బేరం కష్టం. ఆయన డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని మీరే బ్రాంచికి వెళ్లి వాయిదాలు తగ్గించి గడువు పెంచమని అడగండి, అడిగింది కాగితం మీద పెట్టండి. ఈసారి సంఘం నుంచి ఎవరైనా "ఏదో ఉద్దేశం" అంటూ వస్తే, ఆయన్ని ఫిజియోథెరపీకి తీసుకెళ్లి తీసుకురాగలరా అన్నయ్యా అని అడిగేయండి. ఆ రెండు గంటలూ మీరు పడుకోండి.