స్టేటస్‌లో నవ్వులు, దుప్పట్లో ఏడుపు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. రాయదుర్గంలో ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్. నాలుగేళ్లు ప్రేమించుకున్నాక మార్చిలో అతను ‘ఇంట్లో ఒప్పుకోవట్లేదు, ఇక వదిలేద్దాం’ అన్నాడు. అప్పట్నుంచీ కొత్త డ్రెస్సులు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద ఫొటోలు, రోజుకో స్టేటస్. ‘బ్రేకప్ అయ్యాకే బాగున్నావే’ అంటోంది రూమ్మేట్. ఖమ్మంలో ఉన్న అమ్మకి ఏమీ తెలీదు. లైటార్పాక దుప్పట్లో ఏడుస్తున్నాను. ఇలా నటించగా నటించగా నిజంగానే సంతోషం వస్తుందా మేడమ్?

– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రాదమ్మా. 1997లో గ్రాస్, లెవెన్సన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు కొందరు యువతులకు ఏడుపు తెప్పించే సినిమా ముక్క చూపించి, మొహంలో ఏమీ కనబడనివ్వొద్దన్నారు. వాళ్లు బాగానే దాచారు. లోపలి దుఃఖం మాత్రం తగ్గలేదు, పైగా గుండె మీద, రక్తనాళాల మీద ఒత్తిడి పెరిగింది.

ఆఫీసులో మామూలుగా ఉండటం తప్పేం కాదు. మన కష్టం టీమంతటికీ తెలియక్కర్లేదు. నాకు బెంగంతా నీ స్టేటస్‌ల గురించే. పెట్టగానే చూసినవాళ్ల లిస్టు తెరిచి ఎవరి పేరు వెతుకుతున్నావు? అతని పేరుంటే ఒక బాధ, లేకపోతే ఇంకో బాధ. అతను చూడాలని నవ్వినన్నాళ్లూ నీ రోజు అతని చేతిలోనే ఉంటుంది. స్టేటస్ ప్రైవసీలోకి వెళ్లి, అతనికి కనబడకుండా పెట్టు. ఆ తర్వాత కూడా ఫొటో పెట్టాలనిపిస్తే హాయిగా పెట్టుకో.

ఇక రూమ్మేట్. బాగున్నానని నువ్వే అంత గట్టిగా నమ్మించాక, ఎలా ఉన్నావని ఆ పిల్ల ఎందుకడుగుతుంది? పక్క మంచం మీదే ఉన్న మనిషిని నువ్వే దూరం చేసుకున్నావు. ఈ రాత్రి లైటార్పకముందే చెప్పు: ‘నేను బాగాలేను, రోజూ ఏడుస్తున్నాను. సలహాలేమీ వద్దు, కాసేపు విను’ అని. అంతకంటే ఎక్కువ చెప్పనక్కర్లేదు.

తిండీ నిద్రా పోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయొద్దు. 14416కి ఫోన్ చెయ్యి. మనసు బాగాలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ ‘టెలి మానస్’ అది. ఉచితం, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు.

అమ్మకి అతని సంగతి ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం, తొందరేమీ లేదు. ఫోన్లో నీ గొంతు విని ‘ఏమైందే’ అనడిగితే మాత్రం జలుబని చెప్పకు.