రాత్రి మంచం దూకింది, తెల్లారి కాళ్లు ఈడుస్తోంది... నూనె మర్దన చేయొచ్చా?

ప్రశ్న: మాది చీమకుర్తి. మా డాష్‌హండ్‌ కుక్కకి ఐదేళ్లు. రాత్రి మంచం మీద నుంచి దూకి కుయ్యిమంది. తెల్లారేసరికి వెనక కాళ్లు రెండూ ఈడుస్తోంది. మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతోంది. తిండి తింటోంది. టీకాలన్నీ వేయించాం. ఆముదం కాచి మర్దన చేయమని మా అత్తయ్య అంటున్నారు. ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ల వేయొచ్చా? - ఓ పాఠకురాలు

జవాబు: రెండూ వద్దమ్మా. ఈ జవాబు కోసం ఆగకుండా ఈపాటికే డాక్టరుకి చూపించి ఉంటారనే అనుకుంటున్నాను. లేకపోతే ఇప్పుడే బయల్దేరండి.

పొడుగు నడుం, పొట్టి కాళ్లున్న ఈ జాతిలో వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ చిన్న వయసులోనే గట్టిపడుతుంది. ఓ రోజు అది చిట్లి వెన్నుపాము మీద ఒత్తుతుంది. మంచం దూకడం ఒక వంక మాత్రమే. మర్దన చేస్తే లోపల ఒత్తిడి ఇంకా పెరగొచ్చు. మనం వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలూ దెబ్బతింటాయి. డాక్టరు స్టెరాయిడ్ ఇస్తే, దానికి తోడు మీ బిళ్ల కూడా పడితే మరీ ప్రమాదం. ఏదైనా ఇప్పటికే వేసి ఉంటే దాచకుండా చెప్పండి.

తీసుకెళ్లేటప్పుడు చంకలో వేసుకోవద్దు. వెడల్పాటి చెక్క మీద పడుకోబెట్టి, దుప్పటితో వదులుగా కట్టి తీసుకెళ్లండి. నొప్పిలో మిమ్మల్నే కరవొచ్చు, మూతి దగ్గర జాగ్రత్త.

డాక్టరు వెనక కాలి వేలి ఎముకను గట్టిగా నొక్కి చూస్తారు. కాలు లాక్కుంది కదా అని సంబరపడొద్దు, అది స్పర్శ లేకపోయినా జరుగుతుంది. కుక్క వెనక్కి తిరిగి చూసిందా, అరిచిందా అన్నదే లెక్క. స్పర్శ ఉంటే ఆపరేషన్ తర్వాత పదింటిలో ఎనిమిది, తొమ్మిది మళ్లీ నడుస్తాయి. పోయిందంటే అవకాశం సుమారు సగానికి పడిపోతుంది, అప్పుడు గంటలు కూడా లెక్కే. ఎక్స్‌రేలో వెన్నుపాము కనిపించదు, ఎమ్మారై లేదా సీటీ కావాలి. గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలకు వెళ్లేముందు వెన్ను ఆపరేషన్ చేస్తున్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఆపరేషన్ కుదరకపోయినా, స్పర్శ ఉన్నవి పూర్తి విశ్రాంతితో లేచి నిలబడడం ఉంది.

ఇక మీరు రాసిన మూత్రం సంగతి. చుక్కలు పడుతున్నాయంటే పోస్తోందని కాదు, సంచి నిండి పొర్లుతోందని. వెనక తొడల ముందు పొట్టను రెండు పక్కలా చేతులతో పట్టుకుంటే బత్తాయి అంత గుండ్రంగా, బిగువుగా తగులుతుంది. అక్కడ మెల్లగా, ఆపకుండా నొక్కితే ధారగా వస్తుంది. రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి. మొదటిసారి డాక్టరు ముందే నేర్చుకోండి, బలంగా నొక్కితే సంచి పగిలే ప్రమాదం ఉంది. మూత్రం చెడు వాసన వచ్చినా, రక్తం కనిపించినా ఇన్ఫెక్షన్ అనుకోండి.

నాలుగు నుంచి ఆరు వారాలు చిన్న బోనులోనో, అట్టపెట్టె అడ్డుపెట్టిన మూలలోనో ఉంచండి. కాస్త కుదుటపడగానే జాలిపడి వదిలేస్తారు, అక్కడే చాలామంది దెబ్బతింటారు. కింద మందపాటి పరుపు వేసి, నాలుగైదు గంటలకోసారి పక్క మార్చండి. తడిసిన పొట్ట కడిగి తుడవండి. ఈ వారం రోజుల్లో ముందు కాళ్లు కూడా బలహీనమైనా, ఊపిరి కష్టమైనా రాత్రయినా సరే తీసుకెళ్లాలి.

టీకా వేయించని కుక్కకు ఇలా అయి, దవడ వేలాడి చొంగ కారుతూ, గొంతు మారితే రేబిస్ అనుమానించాలి. నోట్లో చేయి పెట్టకూడదు. అది మీకు వర్తించదు.

నడక వచ్చాక మీ ఊరి గ్రానైట్‌తో తంటా. అద్దంలా మెరిసే ఆ నేల మీద దాని కాళ్లు నిలవవు, నడిచే దారంతా రబ్బరు మ్యాట్లు వేయండి. మంచం ఎక్కడం ఇక మాన్పించండి. ఎత్తుకునేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద ఉండాలి.