హాజరు పట్టీలో లేని డిస్కు

ప్రశ్న: విజయనగరం గంట స్తంభం దగ్గర మాకు ఫోటో స్టూడియో ఉంది. కంప్యూటర్‌లో ఉబుంటు అనే లినక్స్ వాడుతున్నాం. రెండో డిస్కులో ఫోటోలకోసం ఒక పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) పెట్టుకున్నాను. ఆరేళ్ల సిరిమానోత్సవం ఫోటోలు అందులోనే ఉన్నాయి. పోయిన వారం బ్యాకప్ కోసమని మూడో డిస్కు పెట్టించాను, అది ఇంకా ఖాళీగానే ఉంది. అప్పటినుంచి డిస్కుల్లో చోటెంతో చూపే ‘డీఎఫ్’ ఆదేశం ఇస్తే ఫోటోల పార్టిషన్ రావడం లేదు. ఫోల్డరు తెరిస్తే ఈ వారం తీసిన రెండు పెళ్లిళ్లే ఉన్నాయి. ఉబుంటు ఉన్న డిస్కు 98 శాతం నిండిపోయింది. పాత డిస్కు పోయింది, ఫార్మాట్ చేయాలి అంటున్నారు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో (ఏ పార్టిషన్ ఏ ఫోల్డరులో తెరుచుకోవాలో రాసి ఉండేది) ఆ పార్టిషన్ వరుస కూడా రాసి పంపుతున్నాను.

జవాబు: ఫార్మాట్ అన్నవాళ్లకు టీ ఇచ్చి పంపించేయండి. శ్రీకాకుళంలో పాతికేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, నాకు తెలిసిన పోలికే చెబుతాను. డీఎఫ్ హాజరు పట్టీ లాంటిది. బడికి వచ్చినవాళ్ల పేర్లే, అంటే మౌంట్ అయిన (ఒక ఫోల్డరుకు తగిలించిన) పార్టిషన్లే, అందులో ఉంటాయి. బడిలో చేరిన పిల్లలందరి పేర్లూ, అంటే డిస్కులూ పార్టిషన్లూ అన్నీ, కావాలంటే ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ చూడాలి. దానికి ‘-ఎఫ్’ తగిలిస్తే ప్రతి పార్టిషన్ పక్కనా యూయూఐడీ అనే పొడవాటి సంఖ్య, అది మౌంట్ అయిన చోటు కనిపిస్తాయి. మీ పార్టిషన్ అక్కడ ఉండి, చివరి గడి ఖాళీగా ఉంటే డిస్కు క్షేమమనే అనుకోవచ్చు. అసలు పేరే లేకపోతే మాత్రం పెట్టె విప్పి కేబుల్ సరిగా దిగిందో లేదో చూడండి.

మీరు పంపిన వరుసలో నాకు రెండు మాటలు దొరికాయి. మొదటిది ‘ఎస్‌డీబీ1’. ఈ పేరు డిస్కుకు పుట్టుపేరు కాదు. కంప్యూటర్ లేచినప్పుడు ఏ డిస్కు ముందు దొరికితే దానికి ముందు అక్షరం వస్తుంది. కొత్త డిస్కు ‘బీ’ని పట్టుకుని, మీ ఫోటోల డిస్కు ‘సీ’కి జరిగి ఉంటుంది. ఖాళీ డిస్కులో 1వ పార్టిషన్ ఎక్కడిది? రెండో మాట ‘నోఫెయిల్’. దొరకకపోతే గొడవ చేయకుండా ముందుకు పొమ్మని దాని అర్థం. అందుకే కంప్యూటర్ కిక్కురుమనలేదు.

ఇక పెళ్లి ఫోటోల సంగతి. ఖాళీ ఫోల్డరు గచ్చు అయితే, దానిమీద పరిచే చాప పార్టిషన్. చాప లేని రోజుల్లో మీరు పోసినదంతా గచ్చు మీద, అంటే ఉబుంటు డిస్కులో పడింది. అది నిండడానికి కారణం ఇదే. ఇప్పుడు తొందరపడి మౌంట్ చేశారా, ఆ పెళ్లిళ్లు చాప కింద ఉండిపోతాయి. మాయమైనట్టే కనిపిస్తాయి, చోటు మాత్రం తింటూనే ఉంటాయి. ఒకసారి మా ఇంట్లో ఇదే జరిగింది. డిస్కు తగిలించని రాత్రి కూడా బ్యాకప్ నడిచింది. మర్నాడు డిస్కు తగిలించాక ఫైళ్ల పరిమాణం కూడి చెప్పే ‘డీయూ’ ఒక లెక్క చెప్పింది, డీఎఫ్ ఇంకో లెక్క చెప్పింది. చాప ఎత్తి చూడాలన్న ఆలోచన రాక సగం రాత్రి కూర్చున్నాను.

కాబట్టి ముందు ఆ ఫోల్డరులోని ఫోటోలను వేరే పేరున్న ఫోల్డరులోకి తరలించండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌కు ఒక నకలు తీసి పెట్టుకుని, ఎస్‌డీబీ1 ఉన్నచోట యూయూఐడీ వేయండి. ‘ఫైండ్‌మౌంట్ --వెరిఫై’ తప్పులు పట్టి ఇస్తుంది. తరువాత ‘మౌంట్ -ఏ’ ఇస్తే ఆ ఫైలులో రాసినవి మౌంట్ అవుతాయి. సిరిమాను కనిపించాక పెళ్లి ఫోటోలను దాని పక్కకు చేర్చండి. కొత్త డిస్కును ఫార్మాట్ చేశాక దాన్ని కూడా ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీతోనే రాయండి. ఆ ఫార్మాట్ చేసేటప్పుడు మాత్రం పేరు చూసి కాదు, డిస్కు పరిమాణం, మోడల్ చూసి చేయండి.