పోర్ట్ ఫార్వర్డింగ్ డాక్యుమెంటేషన్: ముందు దిక్కు చెప్పండి

ప్రశ్న: మా టూల్‌లోని పోర్ట్ ఫార్వర్డింగ్ (ఒక పోర్టుకి వచ్చిన కనెక్షన్‌ని వేరే పోర్టుకి మళ్లించడం) ఆప్షన్లన్నీ డాక్యుమెంటేషన్‌లో రాశాను. అయినా చదివినవాళ్లు మళ్లీ నన్నే అడుగుతున్నారండీ. ఏం మార్చాలి?

జవాబు: ఆప్షన్ పేర్లు కాదు, కనెక్షన్ ఎటు నుంచి ఎటు వెళ్తుందో ముందు రాయండి. 8080:80 అని రాసి వదిలేస్తే ఏ అంకె ఏ మెషీన్‌దో కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది? డాకర్‌లో (అప్లికేషన్లని కంటెయినర్లనే విడి ప్యాకేజీల్లో నడిపే టూల్) ఎడమది హోస్ట్ పోర్టు, అంటే డాకర్ నడిచే మెషీన్‌ది, కుడిది కంటెయినర్ పోర్టు, ఈ ఒక్క వాక్యం ఉంటే సగం టెన్షన్ పోతుంది. ఉదాహరణల్లో 80:80 మాత్రం దయచేసి వాడొద్దు, రెండూ ఒకటే అయితే నేర్చుకునేదేమీ ఉండదు.

ఎస్‌ఎస్‌హెచ్‌లో (వేరే మెషీన్‌కి సురక్షితంగా కనెక్టయ్యే పద్ధతి) లోకల్ ఫార్వర్డింగ్ అంటే పోర్టు మీ మెషీన్‌లో తెరుచుకుంటుంది, రిమోట్ అంటే సర్వర్‌లో. లోకల్ ఫార్వర్డింగ్‌లో గమ్యంగా లోకల్‌హోస్ట్ (‘ఇదే మెషీన్’ అని అర్థం) అని రాస్తే అది సర్వరే, మీ మెషీన్ కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి దీన్ని విడమరిచి చెప్పాలి.

డీఫాల్ట్‌గా ఏ అడ్రస్‌ మీద వింటుందో (కనెక్షన్ల కోసం ఎదురుచూస్తుందో) కూడా తప్పకుండా రాయండి. ఎస్‌ఎస్‌హెచ్ లోకల్ ఫార్వర్డింగ్ మామూలుగా 127.0.0.1 మీదే, అంటే అదే మెషీన్ నుంచి వచ్చే కనెక్షన్లకే వింటుంది, డాకర్ మాత్రం అడ్రస్ ఇవ్వకపోతే 0.0.0.0, అంటే అన్ని ఇంటర్‌ఫేస్‌ల (మెషీన్‌కున్న నెట్‌వర్క్ కనెక్షన్ల) మీదా తెరుస్తుంది. ఇది భద్రత విషయం, ఫుట్‌నోట్‌లో దాచేది కాదు.